గోపమ్మ ముంత

ఆండాళమ్మ పరాయి ఊళ్ళో ఒక్క రాత్రి కూడా పడుకోదని ఆ వీధిలో అందరికీ తెలుసు. చుట్టాల పెళ్ళికి పోతే అక్షింతలు వేసి, రెండు ముద్దలు తిని, దొరికిన బస్సెక్కి పొద్దుగూకేలోపు ఇల్లు చేరేది. కంటి ఆపరేషనుకు నల్లగొండ దవాఖానకు తీసుకుపోయిన రోజున కూడా కంటికి కట్టుతోనే తిరిగొచ్చి తన గడప మీద కూర్చుంది. ఎందుకంత తొందర అని ఎవరైనా అడిగితే, "ఇల్లిడిసి నాకు నిద్ర వట్టది" అనేది. అది అబద్ధం కాదు. అయితే మొత్తం నిజమూ కాదు.

వాళ్ళ ఊరు రామన్నపేట నుంచి చిట్యాల పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. నేత పనివాళ్ళ వీధి. ఒకప్పుడు ఏ ఇంటి ముందు నిలబడ్డా మగ్గం చప్పుడు వినబడేది, ఇప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి. ఆండాళమ్మ భర్త గండయ్య పోయాక వాళ్ళింట్లో నేసేవాళ్ళు లేరు. వెనక గదిలో ఆయన మగ్గం మాత్రం అలాగే ఉంది. నేలలో నడుములోతు గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించి కూర్చుని నేసే పాతకాలపు మగ్గం అది. పగలంతా ఆండాళమ్మ ఆ గదిలోనే కూర్చుని ఇరుగుపొరుగు మగ్గాలకు చరఖా మీద నూలు చుట్టి ఇచ్చేది. లేచి బయటికి వచ్చిందంటే తాళం వేసేది. తాళంచెవి ఎప్పుడూ నడుముకే ఉండేది.

ఆమెకు పిల్లలు లేరు. మరిది కొడుకు అరుణ్‌ను చిన్నప్పటి నుంచీ తనే పెంచింది. వాడి తల్లిదండ్రులు పవర్‌లూమ్ పనికి భివండి పోయి అక్కడే ఉండిపోయారు. అరుణ్ ఇప్పుడు చిట్యాలలో కరెంటు మోటార్లు బాగుచేసే షాపు నడుపుతున్నాడు. అతని భార్య రోజారమణి ఇంట్లో జాకెట్లు కుడుతుంది.

వీధిలో వాళ్ళు ఆండాళమ్మను చాటుగా 'పాముల ఆండాళు' అనేవారు. ఆ గదిలో లంకెబిందెలు ఉన్నాయని, వాటిని నాగుపాము చుట్టుకుని ఉంటుందని చెప్పుకునేవారు. కొందరైతే ఆ పామూ ఈమే ఒకటేననీ, తలుపు మూసుకున్నాక రూపం మారుతుందనీ అనేవారు. నమ్మి అనేవాళ్ళు తక్కువే. కానీ అనకుండా ఉండేవాళ్ళు ఇంకా తక్కువ.

ఒక మధ్యాహ్నం రోజారమణి జాకెట్టుకు హుక్కులు కుడుతూ, ఫోన్ గోడకు ఆనించి సినిమా చూస్తోంది. ఇంగ్లీషు సినిమాకు తెలుగు మాటలు పెట్టారు.

"పెద్దత్తా, గిది జర సూడు. ఎంత పెద్ద పామో. రెక్కలు గూడ ఉన్నయి. నోట్లకెల్లి మంట వస్తాంది. డ్రాగన్ అంటరు దీన్ని."

ఆండాళమ్మ చరఖా ఆపి కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. కొండ లోపల గుహ. గుహ నిండా బంగారం. దాని మీద ఆ జంతువు ముడుచుకుని పడుకుని ఉంది.

"బంగారం అది ఏం జేసుకుంటది?" అంది రోజారమణి. "తినది, ఏసుకోది. సంతకు వోయి ఏమన్న కొంటదా? ఒట్టిగనే ఎందుకు కాపలా ఉండుడు?"

"మన దిక్కు గూడ గంతే గద. బిందెల మీద పాము కూసుంటదంటరు."

"అదే అడుగుతున్న. ఎందుకు?"

ఆండాళమ్మ దారం కొస వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "మా అవ్వ చెప్పేది. ఎన్కట ఉన్నోళ్ళు దొంగల భయానికి సొమ్మును బిందెలల్ల పోసి పాతిపెట్టేటోళ్ళట. పెట్టి, గాడ తిరిగే పాముతోని మాట తీసుకునేటోళ్ళట. నా వంశపోళ్ళు వస్తరు, వాళ్ళకే ఇయ్యి, గప్పటిదాంక నువ్వుండు అని. పాము సరే అన్నది. గంతే."

"మరి వాళ్ళు రాకపోతే?"

ఆండాళమ్మ చరఖా మళ్ళీ తిప్పింది. పోగు తెగింది. కొసలు రెండూ కలిపి నలిపి అతికించింది.

లంకెబిందెలు లేవు గానీ, ఆ గదిలో ఒక ముంత ఉన్న మాట నిజం. అది గోపమ్మది.

గండయ్య బతికి ఉన్న రోజుల్లో, ఊళ్ళో బావులు ఎండిపోయిన ఒక ఏడాది, పాలమూరు దిక్కు నుంచి బావులు తవ్వేవాళ్ళు వచ్చారు. వాళ్ళలో కాటమయ్య, గోపమ్మ అనే ఆలుమగలు ఆండాళమ్మ ఇంటి పక్క కొట్టంలో కిరాయికి దిగారు. గోపమ్మ ఒళ్ళో చిన్న కొడుకు. పొద్దంతా తట్టలు మోసి, సాయంత్రం మట్టి కొట్టుకుపోయిన కాళ్ళతో వచ్చి మగ్గం గది గడప మీద కూర్చునేది. గండయ్య నేస్తుంటే పోగులు అటూ ఇటూ కదలడం చూస్తూ, "నీళ్ళోలె ఉన్నది అక్కా" అనేది. ఆండాళమ్మకు అంతకుముందు స్నేహితురాలంటూ ఎవరూ లేరు. ఆ కొన్ని నెలలు ఆమెకు ఎప్పటికీ గుర్తుండిపోయాయి.

పని అయిపోయాక మేస్త్రి వాళ్ళను ఎక్కడో గుజరాత్‌లో డ్యాము పనికి తీసుకుపోతానన్నాడు. పోయే రోజు పొద్దున గోపమ్మ చీరకొంగు కింద ఒక ఇత్తడి ముంత దాచుకుని వచ్చింది. మూతికి గుడ్డ కట్టి, మీద లక్క పోసి ఉంది.

"అక్కా, గాడ డేరాలల్ల ఉంటం. ఇది నీకాడ పెట్టు. నేనొచ్చి అడిగిందాంక ఎవ్వలకియ్యకు. నా పెనిమిటి వచ్చి అడిగినా ఇయ్యకు."

"నేను ఈడనే ఉంట. నువ్వు ఎప్పుడొచ్చినా ఉంట," అంది ఆండాళమ్మ.

గండయ్య మగ్గం గుంట గోడలో ఒక చిన్న గూడు తవ్వి, ముంత లోపల పెట్టి, రాయి అడ్డం పెట్టి మట్టితో మెత్తాడు.

గోపమ్మ రాలేదు. కొన్నేళ్ళకు కాటమయ్య వచ్చాడు, బాగా తాగి. ముంత ఇమ్మన్నాడు. ఆండాళమ్మ ఇవ్వలేదు. గోపమ్మ ఎక్కడుందని అడిగితే చెప్పలేదు. వీధి మధ్యన నిలబడి గట్టిగా అరిచాడు: "ఊరోళ్ళ బంగారం మీద పాము లెక్క కూసున్నది సూడుండ్రి." వీధి వీధంతా విన్నది. ఆ పేరు ఆ రోజే పుట్టింది. ఆ తర్వాత ఎవరెవరో వెనక గోడ ఎక్కి తొంగిచూడడం మొదలుపెట్టారు. గండయ్య మెతక మనిషి, ఎవరినీ ఒక మాట అనలేడు. అందుకని ఆండాళమ్మే ఒక కట్టె పట్టుకుని గడప మీద కూర్చుంది. మొదట్లో ఆ కోపం తెచ్చిపెట్టుకున్నదే. కొంతకాలానికి దాన్ని తీసి పక్కన పెట్టడం ఆమెకు చేతకాలేదు.

గుంటలో పాము ఉన్న మాట కూడా నిజమే. గండయ్య పోయాక ఏ దారినో వచ్చింది. రెండు మూడుసార్లు ఆండాళమ్మకు కనిపించింది. అది ఆమెను ఏమీ అనలేదు, ఆమె దాన్ని ఏమీ అనలేదు.

మొన్నటి వానలకు మగ్గం గది గోడ ఒరిగింది. మాఘమాసంలో అరుణ్ ఆ గది పడగొట్టి, గుంట పూడ్చి, స్లాబు గది కట్టాలనుకున్నాడు. రోజారమణి మిషన్లకు జాగా కావాలి. ఆండాళమ్మ కాదనలేదు, అవునని కూడా అనలేదు. మేస్త్రి మల్లేష్ కొలతలు తీసుకోవడానికి వచ్చి గుంటలోకి తొంగిచూశాడు. మూలనున్న రాయి కదిలిద్దామని వంగాడు. రాతి పక్క సందులోంచి పాము తల బయటికి వచ్చింది. పడగ విప్పింది. మల్లేష్ వెనక్కి వెనక్కి నడిచి గది దాటి వాకిట్లోకి వచ్చి చెమట తుడుచుకున్నాడు.

"అన్నా, నేను గీ పని జెయ్య. గాడ ఉన్నది మామూలు పాము గాదు," అన్నాడు అరుణ్‌తో.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. వారం తిరగకముందే కారులో ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకాయన మెడ నిండా రుద్రాక్షలు. తాము నాగబంధం విప్పుతామని, పూజకు ఏర్పాటు చేస్తే దొరికినదాంట్లో సగం ఇంటివాళ్ళకే అని చెప్పాడు. ఆండాళమ్మ గడప మీద నుంచి లేవకుండానే, "మా ఇంట్ల ఉన్నది సగం జేసేది గాదు" అంది. వాళ్ళు ఇంటి చుట్టూ ఒకసారి చూసి, మళ్ళీ వస్తామని పోయారు.

ఆ మర్నాటి నుంచి ఆమె గదిలోంచి బయటికి రావడమే తగ్గించేసింది. అన్నం కూడా రోజారమణి అక్కడికే తెచ్చి పెట్టేది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆమెకు కన్ను మూతపడింది.

పెంకుల సందుల్లోంచి ఎండ సన్నటి పోగుల్లా దిగుతోంది. వాటిలో దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. చరఖా ఆగిపోయింది, కానీ దాని చప్పుడు ఆగలేదు, ఎక్కడో దూరం నుంచి వస్తూనే ఉంది. చూస్తుండగా గుంట నిండసాగింది. నీళ్ళేమో అనుకుంది. నీళ్ళు కాదు, నూలు. రంగు వేయని తెల్లటి నూలు, అంచుదాకా, గాలి లేకపోయినా మెల్లగా ఊగుతోంది. అందులోంచి ఒక పోగు పైకి లేచింది. లేచినకొద్దీ లావైంది. దానికి పడగ వచ్చింది. పడగ మీద ఎండ పడి, పాతబడ్డ పట్టుచీర అంచులా మెరిసింది.

ఆండాళమ్మకు భయం వేయలేదు. పక్కింటి మనిషిని పలకరించినట్టు పలకరించింది.

"చాన దినాలాయె గద నువ్వొచ్చి."

"నువ్వు ఎప్పటిసంది ఉన్నవో నేను గూడ గప్పటిసందే," అంది పాము. దాని గొంతు పాముదిలా లేదు. ఎవరిదో గుర్తుకు రాలేదు గానీ తెలిసిన గొంతే.

"ఆకలి గాదా నీకు?"

"అయితది."

"మరి పో రాదు? ఎవలు కట్టేసిన్రు నిన్ను?"

పాము చాలాసేపు ఆలోచించింది. ఆ సేపట్లో ఎండ పోగులు గోడ మీది నుంచి నేల మీదికి జరిగాయి.

"ఉండుమన్నోళ్ళు ఉండుమని చెప్పి పోయిన్రు. లే అని చెప్పుడు మర్చిపోయిన్రు."

"గంతేనా? బంగారం మీద ఆశ లేదా?"

"బంగారమా?" పాము ఆశ్చర్యపోయినట్టు తల తిప్పింది. "నేను దాని దిక్కు ఎన్నడు సూసిన? నేను తొవ్వ దిక్కు సూస్తున్న."

ఆమె కూడా తలుపు వైపు చూసింది. తలుపు ఉన్నచోట గోడ లేదు. ఎర్రటి మట్టి దారి ఒకటి, ఎవరూ నడవని దారి, ఆకాశందాకా పోయి ఉంది. ఆ దారి చివర ఎవరో వస్తున్నట్టు, వస్తూనే ఉన్నట్టు అనిపించింది. ఎంతసేపు చూసినా దగ్గరికి రాలేదు.

"పెద్దత్తా, చాయ్ తాగుతవా?"

కళ్ళు తెరిచేసరికి రోజారమణి గిలాస పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వెనక అరుణ్ కూడా ఉన్నాడు. పొద్దు ఇంకా వాలలేదు.

అరుణ్ గడప దగ్గరే కూర్చున్నాడు. కొంచెంసేపు నేల గీరి, "పెద్దమ్మా, నిజంగ ఏమన్న ఉన్నదా గాడ?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

ఆమె చాయ్ తాగి, గిలాస పక్కన పెట్టి, మొత్తం చెప్పింది. గోపమ్మ పేరు గట్టిగా పలికి ఎన్నాళ్ళయిందో, ఆ పేరును రెండుసార్లు పలికింది.

అరుణ్ విన్నాడు. "ఆమె ఇంక రాదు పెద్దమ్మా. బతికున్నదో లేదో. ఇప్పి సూద్దాం. ఏమున్నదో ఎరుకైతె, గీ కారులోళ్ళ లొల్లి గూడ పోతది. మన గదన్న లేస్తది."

"నాది గాదు బిడ్డా అది. నేనెట్ల ఇప్పుత? ఆమె బతికున్నదో లేదో ఎరుకైనంక మాట్లాడుదాం."

"ఎట్ల ఎరుకైతది, నువ్వు గీడనే కూసుంటె?" అంది రోజారమణి. ఆమె గొంతులో విసుగు లేదు, నిజంగానే అడుగుతోంది. "ఆమె ఊరేదో చెప్పలేదా?"

"కొత్తకోట కాడ అన్నది. ఊరి పేరు యాదికి లేదు."

"మరి లే పెద్దత్తా. ఆమె రాకపోతె మనమే పోదాం. బస్సుల ఆధార్ కార్డు సూపెడితె ఆడోళ్ళకు టికెట్ గూడ లేదాయె."

లే అన్న ఆ మాట విని ఆండాళమ్మ ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఇంత చిన్న మాట. పుట్టినప్పటి నుంచీ విన్న మాట. అది తనకు ఎవరైనా చెప్పవచ్చని ఆమెకు తోచనేలేదు.

"నేను పోయిన దినమే ఆమె వస్తె?" అని అడిగింది చివరికి. ఇన్నేళ్ళూ ఆమెను ఆ గడప మీద కూర్చోబెట్టిన ప్రశ్న అదే.

అరుణ్ నవ్వాడు. కొంచెం సిగ్గుపడుతూ నవ్వాడు. "నేనుంట గద ఇంట్ల. షాపు బంద్ పెడ్త. ఆమె వస్తె కూసోబెట్టి, అన్నం వెట్టి, నీకు ఫోన్ జేస్త. ఫికర్ జెయ్యకు."

తెల్లారి ఆండాళమ్మ గుంటలోకి దిగింది. పాము లేదు. రాయి తీసి చేయి పెడితే ముందు కుబుసం తగిలింది, పల్చటి మల్లుగుడ్డలా. దాన్ని చిరగకుండా పక్కకు జరిపి ముంత బయటికి తీసింది. ఆమె అనుకున్నదానికన్నా చిన్నది. మనసులో అది ఏటికేడు పెరుగుతూ వచ్చిందని అప్పుడు తెలిసింది.

హైదరాబాదులో బస్సు మారి, జడ్చర్ల దాటేసరికి మధ్యాహ్నమైంది. ముంత పాత చీరలో చుట్టి, బియ్యం సంచిలో పెట్టి, ఒళ్ళో పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది ఆండాళమ్మ. దారి పొడుగునా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండల గుట్టలు. ఎర్ర నేలలు. మధ్య మధ్య పచ్చటి పల్లీ చేన్లు. వెనక్కి పోతున్న ఒక్కో గుట్టనూ ఆమె తల తిప్పి చివరిదాకా చూసింది. ఆ గుట్టల్లో ఎన్నింటి కింద ఎవరి సొమ్ము ఉందో, ఎవరు చూస్తూ కూర్చున్నారో అనుకుంది. బస్సు ఊపుకు ఒకటి రెండుసార్లు కునుకు పట్టింది. ప్రతిసారీ సంచి మీద రోజారమణి చేయి ఉంది.

కొత్తకోటలో దిగి, హోటల్ దగ్గర చాయ్ తాగుతూ అడిగారు. బావులు తవ్వే కాటమయ్య అనేసరికి, అక్కడ బీడీ కాల్చుకుంటున్న ముసలాయన తల తిప్పాడు. ఆయన పేరు భీమయ్య. తానూ ఒకప్పుడు బావులు తవ్విన మనిషే.

"కాటమయ్య పోయి చాన ఏండ్లాయె. గోపమ్మ ఉన్నది. కొడుకు బాలకృష్ణ బోరు ఏసుకోని ఎవుసం జేస్తుండు. గీ ఆటో గాడికే పోతది, ఎక్కుండ్రి."

ఉన్నది అన్న మాట విని ఆండాళమ్మ సగం తాగిన చాయ్ గిలాస పట్టుకునే లేచి నిలబడింది. రోజారమణి దాన్ని తీసుకుని బల్ల మీద పెట్టింది.

ఇల్లు ఊరి చివర. ముందర రేకుల పందిరి. పందిరి కింద పల్లికాయల కుప్ప పక్కన ఒక ముసలామె కూర్చుని కాయలు ఒలుస్తోంది. జుట్టు మొత్తం తెల్లబడింది. అయినా కూర్చున్న తీరు, ఒక మోకాలు పైకి పెట్టి, గడ్డం దాని మీద ఆనించి, అదే. ఒకప్పుడు మగ్గం గది గడప మీద కూర్చున్న తీరు.

"ఎవలమ్మా మీరు?" అంది ఆమె.

"గోపమ్మా, నేను ఆండాళును."

పల్లికాయ ఒలిచే చేతులు ఆగాయి. గోపమ్మ చాలాసేపు చూసింది. లోపలి నుంచి ఆమె మనుమరాలు వర్షిత వచ్చి, నీళ్ళు ఇచ్చి, ఎవరో అర్థంకాక నిలబడింది. ఆండాళమ్మ నీళ్ళు తాగలేదు. సంచిలోంచి ముంత తీసి, చీర విప్పి, గోపమ్మ ముందు పెట్టింది. లక్క ముద్ర అలాగే ఉంది.

గోపమ్మ దాన్ని ముట్టుకోలేదు. "ఇప్పలేదా అక్కా నువ్వు?"

"నాదైతె గద ఇప్పుత. నువ్వు అడిగిందాంక ఎవ్వలకియ్యకు అన్నవు. నువ్వు రాకపోతివి."

"వచ్చిన," అంది గోపమ్మ.

ఆండాళమ్మ తనకు సరిగా వినబడలేదనుకుంది.

"వచ్చిన అక్కా. ఆయన గాడనే డ్యాము కాడ పాణం ఇడిసిండు. పోరడ్ని తీసుకోని ఊరికొచ్చిన. వచ్చినంక ఒకపాలి మీ ఊరొచ్చిన. బస్సు దిగి ఆండాళమ్మ ఇల్లంటె, అందరు ఒకటే మాట. గామె పాము, బంగారం మీద కూసున్నది, ఇచ్చినోని మొగమే సూడది, గడప తొక్కనియ్యది అన్నరు. నేను మీ గల్లీ మూల దాంక వచ్చిన. నువ్వు కట్టె వట్టుకోని గడప మీద కూసున్నవు. ఎవల్నో ఒర్రుతున్నవు. గా మొగం నేనెన్నడు సూడలే. అడిగితె ఏమంటవో అని భయమైంది. ఎంబడి చిన్న పోరడు, ఎవ్వలు దిక్కు లేరు. గట్లనే ఎన్కకు మర్రిన."

పందిరి రేకుల మీద ఎండకు టకటకమని చప్పుడు వస్తోంది.

ఆండాళమ్మ లేచింది. పందిరి గుంజ పట్టుకుని అటు తిరిగి నిలబడింది. ఎదురుగా పల్లీ చేను, దాని వెనక గుట్ట, గుట్ట మీద ఆకాశం, అన్నీ నీళ్ళలో చూసినట్టు కదిలాయి. తొవ్వ దిక్కు చూస్తూనే ఉన్నానే, వచ్చిన మనిషి ఎలా కనబడలేదు అనుకుంది. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"గా కట్టె నీ కోసమే వట్టుకున్న," అంది అటు తిరిగే. "నీ సొమ్ము నీకియ్యనీకి. దాన్ని సూసి నువ్వే ఎన్కకు పోయినవు."

"పోయిన అక్కా. పోయి ఊకున్ననా? నిన్ను తిట్టని దినం లేదు. పంట పోయినా నిన్నే తిట్టిన, పోరనికి జొరమొచ్చినా నిన్నే తిట్టిన." గోపమ్మ ఒడిలోని పొట్టు దులిపింది. "ఒక్క మాట అడిగితె అయిపోతుండె. నోరు రాలే."

ఆండాళమ్మ ఇటు తిరిగింది. పల్లికాయల కుప్ప పక్కన కూర్చున్న ఆ తెల్లజుట్టు మనిషిని చూసింది.

"నేను గూడ మొగం జర మంచిగ వెట్టుకుంటె అయిపోతుండె," అంది.

రోజారమణికి ఆపుకోలేక నవ్వు వచ్చింది. వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కానీ గోపమ్మ అప్పటికే నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆండాళమ్మ వచ్చి ఆమె పక్కన, మట్టి మీదే, చతికిలబడి కూర్చుంది.

లక్క గట్టిపడిపోయి ఎంతకీ రాలేదు. వర్షిత రోకలిబండ తెచ్చి మెల్లగా కొట్టింది. లోపల ఒక బంగారు గుండ్లపేరు, ఒక జత వెండి కడియాలు, పసిపిల్లాడి వెండి మొలతాడు. వెండి నల్లగా అయిపోయింది. ఆండాళమ్మ కలల్లో ఆ ముంత మూత తీసినప్పుడల్లా గది నిండా వెలుగు వచ్చేది. ఇప్పుడు పాత గుడ్డ వాసన వచ్చింది. అయినా వాటిని చూస్తుంటే ఎప్పటి నుంచో పేరు మాత్రమే తెలిసిన మనుషులను మొదటిసారి చూస్తున్నట్టు ఉంది. మొలతాడు చేతిలోకి తీసుకుని, దాని చిన్న గంటను వేలితో కదిలించింది. అది ఇంకా మోగింది.

"గా పోరడే గదా, ఇప్పుడు బోరు ఏసింది?"

"ఆడే. మొలతాడు గిప్పుడు వాని తొడకు గూడ రాదు."

గోపమ్మ గుండ్లపేరు తీసి ఆమె చేతిలో పెట్టబోయింది. ఆండాళమ్మ ఆ చేతిని అలాగే ముడిచి వెనక్కి తోసింది. వర్షిత మెడలో వేయమంది. ఇంటరు చదివే పిల్ల మెడలో ఆ పాతకాలపు బంగారం మొదట వింతగా కనిపించింది. కొంచెంసేపటికి అక్కడిదే అన్నట్టు ఉంది.

"సాయంత్రం బస్సున్నదా పెద్దత్తా, అడగనా?" అంది రోజారమణి.

"ఎందుకు?" అంది ఆండాళమ్మ. అని, తనే ఆ మాటకు ఆశ్చర్యపోయింది. తర్వాత అక్కడే, పందిరి కింద, గోనెసంచి మీద ఒక పక్కకు ఒరిగింది. గోపమ్మ కాయలు ఒలుస్తున్న చప్పుడు వింటూ నిద్రపోయింది. కల ఏదీ రాలేదు. పొద్దుగూకి, బాలకృష్ణ చేను నుంచి వచ్చి, వంట అయ్యి, అందరూ తిన్నా లేవలేదు. గోపమ్మ ఎవరినీ లేపనివ్వలేదు.

తెల్లారి చేనులో పల్లి పీకుతున్నారు. నేత ఇంట్లో పుట్టి నేత ఇంటికే వచ్చిన ఆండాళమ్మ ఎప్పుడూ చేనులో పని చేసింది కాదు. గోపమ్మ ఒక మొక్క మొదట్లో ఎలా పట్టుకోవాలో చూపించింది. ఆమె పట్టి లాగింది. తడి ఎర్రమట్టి విడిచి, వేళ్ళ నిండా తెల్లటి కాయలతో మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. మంచు ఇంకా ఆకుల మీదే ఉంది. ఆమె ఆ మొక్కను పైకెత్తి, మట్టి రాలుతుంటే, అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక కాయ తెంపి చిదిమి నోట్లో వేసుకుంది. పాలు కారే లేత గింజ.

"పచ్చియి చాన తినకు అక్కా, కడుపు నొస్తది," అంది గోపమ్మ.

"నొయ్యనీ," అంటూ ఇంకోటి చిదిమింది.

గట్టు మీద రోజారమణి ఫోన్ మాట్లాడుతోంది. ఫోన్ చెవి నుంచి తీసి పిలిచింది. "పెద్దత్తా, అరుణ్ అడుగుతుండు, ఎప్పుడొస్తరు అని."

ఆండాళమ్మ నడుం పైకెత్తి, మట్టి చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని, చేను చివరిదాకా చూసింది.

"ఇంక గింత చేను ఉన్నది. అయినంక సూద్దాం అను," అని మళ్ళీ వంగింది.